యోగా టీచర్ ప్రొఫైల్లో 200, 500 అంకెలు, పరంపర పేర్లు.. వీటికి అసలు అర్థం ఏంటి?

కొత్తగా యోగా క్లాసులో చేరదామని ఎవరి ప్రొఫైల్ తెరిచినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆర్‌వైటీ 500, హఠ, విన్యాస లాంటి శైలుల పేర్లు, ఫలానా గురువు పరంపర, ఇన్నేళ్ళ అనుభవం, పక్కనే ఒక కాలు తల వెనక్కి పెట్టుకున్న ఫోటో. చూడగానే గౌరవం కలుగుతుంది, కాదనను, కానీ అందులో ఏ ముక్క ఏం చెప్తోందో చాలామందికి తెలీదు. "200 అని రాసిన ఆయన దగ్గర చేరాలా, 500 అని రాసిన ఆవిడ దగ్గర చేరాలా" అని నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. నేను కూడా ఒకప్పుడు 500 పెద్దది కాబట్టి 500 దగ్గరికే వెళ్ళాను, దాని సంగతి కింద చెప్తా.

నిజానికి ఆ ప్రొఫైల్లో మూడు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. టీచర్ ఎంతసేపు నేర్చుకున్నారనేది ఒకటి, ఎవరి పద్ధతిలో నేర్చుకున్నారనేది ఇంకోటి, తన ఎదురుగా ఉన్న మనిషికి ఎలా నేర్పుతారనేది మరొకటి. మొదటిది సర్టిఫికెట్లో దొరుకుతుంది, రెండోది సగం సగం దొరుకుతుంది, మూడోది క్లాసులో కూర్చుంటే తప్ప ఎక్కడా కనపడదు, కానీ మన మోకాళ్ళు, మెడ, నడుం ఆధారపడేది ఆ మూడోదాని మీదే.

ముందు అంకెల సంగతి చూద్దాం. ఆర్‌వైటీ అంటే రిజిస్టర్డ్ యోగా టీచర్. ఈ మాట యోగా అలయన్స్ అనే సంస్థది, అమెరికాలో 1990ల చివర్లో మొదలైంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, యోగా అలయన్స్ వాళ్ళు టీచర్‌కి పరీక్ష పెట్టి పాస్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారనుకుంటారు. కాదు. సర్టిఫికెట్ ఇచ్చేది ట్రైనింగ్ ఇచ్చిన స్కూలు. ఆ స్కూలు సిలబస్ అలయన్స్ ప్రమాణాలకి సరిపోతే స్కూల్ని తమ లిస్టులో పెడతారు, అక్కడ కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఫీజు కట్టి తమ పేరు లిస్టులో పెట్టుకుంటారు. అంటే అది ఒక రిజిస్టర్, అంతే. దాన్ని తక్కువ చేసి చెప్పట్లేదు, అది లేకముందు సిలబస్ అనేదే ఎవరిష్టం వాళ్ళదిగా ఉండేది, కానీ డాక్టరుకి ఉండే లైసెన్సు లాంటిది మాత్రం కాదు. చాలా దేశాల్లో యోగా నేర్పడానికి చట్టపరంగా లైసెన్సు అనేదే లేదు, రేపు పొద్దున ఎవరైనా మ్యాట్ పరిచి క్లాసు మొదలుపెట్టొచ్చు.

ఇంక 200 అంటే 200 గంటల ట్రైనింగ్. అందులో ఏముంటుంది? అలయన్స్ ఇప్పటి ప్రమాణాల ప్రకారం ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం ఇలా అభ్యాసానికి సంబంధించినవి కనీసం 75 గంటలు, శరీర నిర్మాణం, అది పనిచేసే తీరు 30 గంటలు, చరిత్ర, తత్వం, నీతి నియమాలు 30 గంటలు, నేర్పే పద్ధతి, ప్రాక్టికల్‌గా క్లాసు తీసుకోవడం ఇవన్నీ 50 గంటలు, మిగిలినవి స్కూలు ఇష్టం. ఇందులో 30 అనే అంకె దగ్గర ఒక్కసారి ఆగండి. కండరాలు, ఎముకలు, కీళ్ళు, ఊపిరి, నరాలు, గాయాలు, వాటిలో ఎవరికి ఏది చేయించకూడదు, ఇదంతా 30 గంటల్లో. ఆ 30 గంటలు మంచి టీచర్ చెప్తే భద్రంగా నేర్పడానికి కావాల్సిన పునాది పడుతుంది, అంతకంటే ఎక్కువ ఆశించకూడదు. పునాది మీద ఇల్లు కట్టారా లేదా అనేది తర్వాతి ఏళ్ళలో తెలుస్తుంది.

అదే 200 గంటలు ఒక నెలలోనూ చేయొచ్చు, వారాంతాల్లో కూర్చుని ఏడాదిపాటూ చేయొచ్చు. నెలలో చేస్తే రోజుకి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఈ నెల రోజుల మోడల్ ఏమీ కొత్తది కాదు, స్వామి విష్ణుదేవానంద 1969లోనే పాశ్చాత్య దేశాల్లో నాలుగు వారాల టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టారు. ఆశ్రమంలో ఉండి, తెల్లవారుజామున లేచి, వేరే పని ఏదీ లేకుండా మునిగిపోవడం వల్ల వచ్చే క్రమశిక్షణ చాలా విలువైంది. కానీ శరీరం నేర్చుకునే వేగం వేరు, బుర్ర నేర్చుకునే వేగం వేరు. ఇవాళ నేర్చుకున్న త్రికోణాసనం మూడు నెలల తర్వాత మన ఒంట్లో వేరేలా అర్థమవుతుంది, ఆ మూడు నెలల గ్యాప్ నెల రోజుల కోర్సులో రాదు. అందుకే "200 చేశారా" అని అడగడం కంటే "ఎన్ని నెలల్లో చేశారు, దానికి ముందు ఎన్నేళ్ళు సొంతంగా అభ్యాసం చేశారు" అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. కోర్సుకి ముందు ఆరేళ్ళు చాప మీద గడిపిన మనిషి 200, ఆసనం మొదలుపెట్టి ఆరు నెలలైన మనిషి 200, కాగితం మీద రెండూ ఒకటే.

తర్వాత 500. ఇది కూడా నేర్చుకున్న గంటలే, నేర్పిన గంటలు కాదు. నేర్పిన అనుభవం తెలియాలంటే ఆ అక్షరాల ముందు ఇంగ్లిష్ "E" (ఎక్స్‌పీరియన్స్‌డ్, అంటే అనుభవం ఉన్నవాళ్ళు) ఉందా లేదా చూడాలి. ఈ-ఆర్‌వైటీ 200 అంటే ట్రైనింగ్ తర్వాత కనీసం రెండేళ్ళలో 1000 గంటలు క్లాసులు చెప్పినవాళ్ళు, ఈ-ఆర్‌వైటీ 500 అంటే కనీసం నాలుగేళ్ళు, 2000 గంటలు. కాబట్టి ఆర్‌వైటీ 500 కంటే ఈ-ఆర్‌వైటీ 200కి క్లాసు గదిలో ఎక్కువ అనుభవం ఉండొచ్చు. ఈ ఒక్క అక్షరం తేడా తెలీక బోర్లా పడేవాళ్ళే ఎక్కువ.

భారత ప్రభుత్వం వైపు నుంచి ఇంకో దారి ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు అని ఉంది, వాళ్ళు రాత పరీక్ష, ప్రాక్టికల్ పెట్టి స్థాయిల వారీగా సర్టిఫికెట్ ఇస్తారు. యోగా ప్రొటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కి 200 గంటలు, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కి 400, టీచర్ అండ్ ఎవాల్యుయేటర్‌కి 800, యోగా మాస్టర్‌కి 1600 గంటల స్థాయి సిలబస్. ఇక్కడ అసలు తేడా గంటల్లో లేదు, బయటి మనిషి పరీక్ష పెట్టడంలో ఉంది. నేర్పిన స్కూలే పాస్ చేయడం వేరు, మీ స్కూలుతో ఏ సంబంధమూ లేని పరీక్షకుడి ముందు ఆసనం వేసి, ఎవరికి ఇది కూడదో చెప్పి పాస్ అవ్వడం వేరు. నా మటుకు నాకు ఈ రెండో పద్ధతి మీద నమ్మకం కాస్త ఎక్కువ, అయితే పరీక్షలో కూడా తెలిసేది టీచర్‌కి ఏం తెలుసు అనేదే, క్లాసులో ఎలా ఉంటారనేది ఏ పరీక్షలోనూ పూర్తిగా బయటపడదు.

యోగా థెరపిస్ట్ అనేది మళ్ళీ పూర్తిగా వేరే చదువు. అంతర్జాతీయ యోగా థెరపిస్టుల సంఘం అని 1989లో పెట్టారు, వాళ్ళ సర్టిఫికెట్ కావాలంటే మామూలు టీచర్ ట్రైనింగ్ అయ్యాక దాని మీద ఇంకో 800 గంటల ట్రైనింగ్ కావాలి. 200 గంటలు చేసినవాళ్ళు "మీ షుగర్ తగ్గిస్తా, థైరాయిడ్ మందులు మానిపిస్తా" అంటే అది వాళ్ళ చదువు దాటిన మాట. యోగా వల్ల ఒత్తిడి తగ్గడం, నడుం నొప్పికి ఉపశమనం లాంటివి చాలామంది అనుభవించినవే, వాటి మీద పరిశోధనలూ జరిగాయి, కానీ మందులు ఆపమని చెప్పే అధికారం టీచర్‌కి లేదు. ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు, అలా చెప్పిన క్లాసు నుంచి ఆ రోజే బయటికి వచ్చేయండి.

ఇప్పుడు పరంపర. చాలా ప్రొఫైల్స్‌లో కనిపించే పేరు కృష్ణమాచార్య. 1888లో పుట్టి 1989 దాకా బతికిన మనిషి, 1930ల్లో మైసూరు మహారాజు అండతో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. ఇవాళ ప్రపంచంలో ఆసనాల మీద నడిచే క్లాసుల్లో చాలావాటి మూలం వెతుక్కుంటూ పోతే ఆ శాలకే చేరతాం. కానీ ఆయన శిష్యుల్ని చూడండి, ఒక్కొక్కరిది ఒక్కో దారి. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పడి లేచిన బీకేఎస్ అయ్యంగార్ ఒక్కో ఆసనంలో ఎక్కువసేపు నిలబెట్టి, మడమ ఎక్కడుంది, మోకాలిచిప్ప ఎటు చూస్తోంది అని అంగుళం అంగుళం సరిచేసే పద్ధతి తెచ్చారు, బ్లాకులు, బెల్టులు, కుర్చీలు, దుప్పట్లు వాడటం ఆయన దగ్గరి నుంచే అంతగా వ్యాపించింది. పట్టాభి జోయిస్ ఊపిరి లెక్కతో ఒక ఆసనం నుంచి ఇంకోదానికి సాగే, వరసలు ముందే ఖాయమైపోయిన అష్టాంగ విన్యాసాన్ని నేర్పారు. ఇంద్రాదేవి అనే విదేశీ మహిళకి కృష్ణమాచార్య ముందు నేర్పనన్నారు, తర్వాత ఒప్పుకున్నారు, ఆవిడ 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచి మెత్తగా, అందరూ చేయగలిగేలా నేర్పారు. కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ అయితే ఆసనానికి మనిషిని సరిపెట్టడం కాదు, మనిషికి ఆసనాన్ని సరిపెట్టాలి అనే దారిలో ఒక్కొక్కరికి విడివిడిగా అభ్యాసం రాసిచ్చేవారు.

గురువు ఒక్కరే. మరి ఇంత తేడా ఎందుకొచ్చింది? నాకు అర్థమైనంతలో, ఆయన కూడా ఒకేలా నేర్పలేదు. ప్యాలెస్‌లో ముందున్నది ఉరకలేసే కుర్రాళ్ళు, వాళ్ళకి సరిపడేది వాళ్ళకి చెప్పారు, తర్వాత మద్రాసులో దగ్గరికి వచ్చినవాళ్ళు వయసులో పెద్దవాళ్ళు, జబ్బులున్నవాళ్ళు, వాళ్ళకి వేరేలా చెప్పారు. ఎవరు ఏ కాలంలో ఆయన దగ్గర ఉన్నారో ఆ ముక్క పట్టుకెళ్ళారు, దానికి తమ ఒంటి అనుభవం కలుపుకున్నారు. అందుకే "కృష్ణమాచార్య పరంపర" అని ఒక్క మాట రాస్తే ఆ క్లాసు ఎలా ఉంటుందో మీకు తెలియదు, ఏ శిష్యుడి వైపు నుంచి అని అడగాలి.

ఇది కాక శివానంద వైపు ఇంకో పెద్ద పాయ ఉంది. శివానంద మలయాలో (ఇప్పటి మలేషియా) డాక్టరుగా పనిచేసి సన్యాసం తీసుకుని రిషికేశ్‌లో స్థిరపడినవారు, ఆయన శిష్యుల్లో పైన చెప్పిన విష్ణుదేవానంద ఒకరు, బిహార్‌లోని ముంగేర్‌లో యోగ విద్యాలయం పెట్టిన సత్యానంద ఇంకొకరు. ఈ వైపు నుంచి వచ్చిన టీచర్ల క్లాసులో ఆసనాల మధ్య విశ్రాంతి ఎక్కువ, ప్రాణాయామం, ధ్యానం, యోగనిద్ర లాంటివాటికి చోటు ఎక్కువ. వీటికంటే ముందే 1918లో యోగేంద్ర ముంబైలో యోగా ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, 1924లో కువలయానంద లోనావాలాలో కైవల్యధామ పెట్టి ఆసనం వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో ఎక్స్‌రేలతో సహా కొలిచి చూడటం మొదలుపెట్టారు. వందేళ్ళ కిందటే!

కొన్ని పరంపరల్లో గంటల లెక్కే ఉండదు. అయ్యంగార్ పద్ధతిలో టీచర్ అవ్వాలంటే ముందు ఏళ్ళ తరబడి సర్టిఫైడ్ టీచర్ దగ్గర విద్యార్థిగా ఉండాలి, తర్వాత ఒక సీనియర్ కింద తయారవ్వాలి, ఆ తర్వాత పరీక్షలు. అష్టాంగలో మైసూరు వెళ్ళి అక్కడి గురువు దగ్గర మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేశాక నేర్పడానికి అనుమతి పొందడం ఆనవాయితీ. వీళ్ళలో కొందరి ప్రొఫైల్లో 200, 500 లాంటి అంకెలే కనపడవు, అంతమాత్రాన వాళ్ళకి ట్రైనింగ్ లేదనుకోవద్దు.

టీచర్ యోగాకి ఎలా వచ్చారనేది కూడా నేను తప్పకుండా చూస్తాను. డాన్స్ నుంచో జిమ్నాస్టిక్స్ నుంచో వచ్చినవాళ్ళకి ఒళ్ళు ముందే విల్లులా వంగుతుంది, కదలిక గురించి వాళ్ళకి తెలిసినంత వేరేవాళ్ళకి తెలీదు, కానీ తొడ వెనక కండరం కర్రలా బిగుసుకుపోయిన మనిషి ముందుకి వంగితే ఎలా ఉంటుందో వాళ్ళ ఒళ్ళు ఎప్పుడూ చూసి ఉండదు. నడుం నొప్పితో వచ్చి యోగాలో ఉండిపోయినవాళ్ళకి ఆ బాధ తెలుసు, అయితే తమకి పనిచేసిందే అందరికీ పనిచేస్తుందనుకునే ప్రమాదం వాళ్ళకి ఉంటుంది. ఫిజియోథెరపీ చదివినవాళ్ళు కీళ్ళ గురించి బాగా చెప్తారు, ఒక్కోసారి ఊపిరి, ధ్యానం వెనక్కి పోతాయి. ఏదీ తప్పు కాదు. తమ దారిలో తాము చూడనిది ఏదో టీచర్‌కి తెలిసుండాలి, అంతే.

ఇప్పుడు నా మోకాలి సంగతి. ఎక్కువ గంటలు ట్రైనింగ్ అయిన ఒక టీచర్ దగ్గర చేరాను, మూడో వారంలో పద్మాసనం. నా కుడి మోకాలు నేలకి జానెడు పైన ఆగిపోయింది. వెనక నుంచి వచ్చి, ఏం చెప్పకుండా, మోకాలి మీద అరచెయ్యి పెట్టి కిందకి నొక్కారు, "వదులు చేయండి, వచ్చేస్తుంది" అన్నారు. లోపల సన్నగా ఏదో కలుక్కుమంది. తర్వాత చాలా వారాలు మెట్లు దిగుతుంటే నొప్పి. అప్పుడు నాకు తెలీనిది ఏంటంటే, మోకాలు ప్రధానంగా తలుపు బందులాంటి కీలు, ముడుచుకోవడం చాచడం దాని పని, మెలి తిరగడం దాని పని కాదు. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి. తొడ ఎముక తల, అది కూర్చునే గుంట, వాటి లోతు, కోణం మనిషి మనిషికీ వేరు, కొందరి తుంటి ఎన్నేళ్ళు సాధన చేసినా అంత తిరగదు, ఎముక ఎముకకి తగులుతుంది. తుంటి తిరగనప్పుడు బలవంతం చేస్తే ఆ మెలి అంతా మోకాలి లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ అనే మృదులాస్థి మీద పడుతుంది.

తర్వాత ఇంకో క్లాసుకి వెళ్ళాను, ఆవిడది 200 మాత్రమే. మొదటిరోజు ఆసనం మొదలుపెట్టకముందే "ఎక్కడైనా నొప్పి ఉందా అండీ, ఆపరేషన్లు, బీపీ, కళ్ళ సమస్యలు ఏమైనా ఉన్నాయా" అని అడిగారు. మోకాలి గురించి చెప్పాను. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కాలు మడిచి, తుంటి ఎంతవరకు బయటికి తిరుగుతుందో నెమ్మదిగా చూశారు, చెయ్యి వేసేముందు "పట్టుకోవచ్చా" అని అడిగారు. దుప్పటి రెండు మడతలు పెట్టి నా పిరుదుల కిందకి తోశారు, ఒక్కసారిగా నడుం నిటారుగా లేచింది, మోకాళ్ళు వాటంతటవే దిగాయి. "మీకు పద్మాసనం అవసరం లేదండీ, సుఖాసనంలో ఇలా కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే అదే ఆసనం" అన్నారు. పతంజలి యోగసూత్రాల్లో మొత్తం దాదాపు 195 సూత్రాలుంటే ఆసనం గురించి చెప్పినవి మూడే, అందులో మొదటిది స్థిరసుఖమాసనమ్, కదలకుండా సుఖంగా ఉండేదే ఆసనం అని. నేను ఎన్నోసార్లు చదివిన సూత్రమే, దుప్పటి మీద కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదు. దీన్నిబట్టి 500 వాళ్ళు చెడ్డ, 200 వాళ్ళు మంచి అనుకోకండి, ఎన్నో గంటలు నేర్చుకుని అద్భుతంగా నేర్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఆ అంకె నాకు ఈ తేడా చెప్పలేకపోయింది, అంతే.

కాబట్టి ఒక ట్రయల్ క్లాసుకి వెళ్ళినప్పుడు నేను ఏం చూస్తానో చెప్తా. టీచర్ క్లాసంతా తన మ్యాట్ మీదే చేసుకుంటూ ఉన్నారా, లేక చూపించి లేచి అందరి మధ్య తిరుగుతున్నారా అనేది మొదట చూస్తా, ఎందుకంటే తల కిందకి పెట్టి ఆసనం వేస్తున్న మనిషి మనల్ని చూడలేరు. ఆన్‌లైన్ క్లాసైతే వాళ్ళు మన కెమెరా చూస్తున్నారా లేదా, వంద మంది ఉన్న కాల్‌లో అది కుదరదు. మాటలు వింటా. "ఇంకా కిందకి, ఇంకా కిందకి" అని ఒకటే పాటలా చెప్తున్నారా, లేక "వెనక కాలి మడమ బయటి అంచు నేలకి ఆనించండి" అని ఒళ్ళు అందుకోగలిగే మాట చెప్తున్నారా? త్రికోణాసనంలో చెయ్యి నేలకి తగలాలని పంతం పట్టి ఛాతీ ముందుకి కూలిపోతున్న మనిషిని చూసి చేతి కింద బ్లాక్ పెట్టారంటే ఆ టీచర్‌కి చూసే కళ్ళున్నాయని నాకు అర్థమైపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరికి ఏది వద్దంటారో గమనించాలి. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకి శీర్షాసనం చేయించకూడదు, తలకిందులుగా ఉన్నప్పుడు కంటి లోపలి ప్రెషర్ రెట్టింపు దాకా పెరుగుతుందని కొలిచి చూశారు. కంట్రోల్‌లో లేని బీపీకి కూడా తలకిందుల ఆసనాలు కూడదు. ఎముకలు గుల్లబారినవాళ్ళు వీపు గుండ్రంగా ఒంచి గట్టిగా ముందుకి వంగితే వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. గర్భిణులకి పొట్ట మీద పడుకునేవి, లోతుగా మెలి తిరిగేవి, ఊపిరి బిగబట్టేవి చేయించరు. ఇవి ఏ టీచర్‌కైనా తెలిసి ఉండాల్సినవి. ఏమీ అడగకుండా మొదటి క్లాసులోనే అందరితో భుజాల మీద నిలబడే సర్వాంగాసనం వేయించేస్తే, గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడుతున్నా నేను రెండోరోజు వెళ్ళను.

తాకడం గురించి ఒక మాట. సరిచేయడానికి చెయ్యి వేయడం చాలా పద్ధతుల్లో ఉన్నదే, బాగా చేస్తే వంద మాటలు చెప్పలేనిది ఒక్క వేలు చెప్తుంది. కానీ అడిగి వేయాలి, వద్దంటే కారణం అడక్కుండా ఊరుకోవాలి. మీకు ఇబ్బందిగా ఉందని చెప్తే నొచ్చుకునే టీచర్‌కి మీ ఒళ్ళు అప్పగించొద్దు, అక్కడ గురుభక్తి అనే మాటకి చోటు లేదు.

క్లాసయ్యాక నేను ఒక ప్రశ్న అడుగుతా, "నాకు ఈ సమస్య ఉంది, ఏ ఆసనం చేస్తే పోతుంది" అని. కొందరు వెంటనే మూడు ఆసనాల పేర్లు చెప్పేస్తారు. ఆ దుప్పటి మడిచిన టీచర్‌ని ఇలాగే నా మోకాలి గురించి అడిగితే కాసేపు ఆలోచించి, "లోపల ఏమైందో నాకు తెలీదండీ, ఒకసారి ఎముకల డాక్టర్‌కి చూపించుకుని రండి, ఆయన ఏది వద్దన్నారో నాకు చెప్పండి, మిగతాది మనం చూసుకుందాం" అన్నారు. చూపించుకుని వచ్చి చెప్పాను, ఆవిడ చిన్న నోట్‌బుక్ తీసి నా పేరు కింద రాసుకున్నారు, తర్వాత వారం మోకాళ్ళు మడిచి కూర్చునే వీరాసనం వచ్చినప్పుడు నేను గుర్తుచేయకముందే నా మ్యాట్ పక్కన ఒక బ్లాక్ పెట్టి ఉంది.